యూకేలో ఐక్లౌడ్ ఫైళ్లకు మన తాళం మనమే వేసుకోవచ్చా?

మాంచెస్టర్‌లో ఉంటున్నాను, ఈమధ్యే ఐఫోన్ కొన్నాను. 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఇక్కడి కొత్తవాళ్లకు అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ (ఐక్లౌడ్ ఫైళ్ల తాళంచెవి మన పరికరాల్లోనే ఉంచే సెట్టింగ్) ఆపేసింది కదా, అంటే ఐక్లౌడ్ బ్యాకప్, ఫోటోలు, నోట్స్ తాళంచెవి కంపెనీ దగ్గరే, వారెంట్ వస్తే తీసి ఇవ్వగలదు (సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా మాత్రం ఇప్పటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే ఆపిల్ కూడా చూడలేని తాళంలోనే ఉన్నాయి). దాచడానికి నా దగ్గర ఏ రహస్యాలూ లేవు, ఊళ్లో పొలం పాస్‌బుక్, ఇంట్లోవాళ్ల ఆధార్ స్కాన్‌లు, అంతే, అయినా ఎవడికో ఎందుకు కనపడాలి?

క్రిప్టోమేటర్‌తో (క్లౌడ్‌కు ఎక్కించే ముందే ఫైళ్లకు మన పాస్‌వర్డ్‌తో తాళం వేసే యాప్) ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కిస్తే సరిపోతుందా? ఫోన్‌లో తెరవడం ఇబ్బందా?

ఇంకో టెన్షన్. 2000 నాటి రిపా చట్టం (నిఘా, దర్యాప్తు అధికారాల యూకే చట్టం) 49వ సెక్షన్ కింద పోలీసులు నోటీసిచ్చి పాస్‌వర్డ్ అడిగితే, ఇవ్వనివాళ్లకు మామూలు కేసుల్లో 2 ఏళ్ల దాకా జైలు. నిజంగానే మర్చిపోతే ఏం చేస్తారు? ఇక్కడ ఉంటూ వాడుతున్నవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.