బస్తీలో అందరికీ ‘గ్యాసే’నా? ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న (బస్తీ దవాఖానా మెడికల్ ఆఫీసర్, మలక్‌పేట వైపు)

సీనియర్లకు నమస్తే. చేరి రెండు నెలలైంది. ఓపీలో ప్రతి నాలుగో మనిషీ “గ్యాస్ పట్టింది సారూ, గోలీ రాయుండ్రి” అనే అంటున్నారు. ఒకాయన రొమ్ము మీద అరచేయి పెడతాడు, ఇంకొకామె బొడ్డు చుట్టూ వేలు తిప్పుతుంది. ఇద్దరికీ నేను రాసేది పాంటాప్రజోలే (కడుపులో ఆమ్లం తగ్గించే గోలీ). మనసొప్పక అడుగుతున్నా. మా దగ్గర ఎండోస్కోపీ (గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష) లేదు. మూడు నిమిషాల్లో ఏం అడగాలి? ఎవర్ని పెద్ద దవాఖానకు పంపాలి?

జవాబు (గ్యాస్ట్రో డాక్టర్, సికింద్రాబాద్)

తమ్ముడూ, ముందు ఆ అరచేయి పెట్టినాయన సంగతి చూడు. నడిస్తే వస్తుందా, చెమట పడుతుందా అని అడుగు. షుగరో, బీపీయో, సిగరెట్టో ఉండి కొత్తగా ‘గ్యాస్’ అంటే ఈసీజీ తీయకుండా గోలీ రాయకు. గ్యాస్ సిరప్ తాగితే తగ్గిందన్నా నమ్మకు, గుండెనొప్పి కూడా ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది. నా దగ్గరికి ఒకాయన మెట్లెక్కితేనే గ్యాస్ వస్తుందని వచ్చాడు. మెట్ల సంగతి గ్యాస్‌కెట్లా తెలుస్తుందయ్యా అన్నాను. ఆయనకు స్టెంటు పడింది.

గుండె కాదని తేలాక మాటల్లోనే సగం దొరుకుతుంది. మంట పైకెగదన్ని, పులితేన్పులు వచ్చి, వంగినా పడుకున్నా ఎక్కువైతే రిఫ్లక్స్, అంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం. రెండు ముద్దలకే కడుపు నిండిపోయి పైకడుపు బరువెక్కితే అజీర్తి. నొప్పికి విరేచనంతో ముడి ఉండి, వారానికి ఒక రోజైనా వస్తూ నెలల తరబడి సాగుతుంటే ఐబీఎస్ (పేగుల పనితీరులో తేడా) అనుకోవచ్చు. బిర్యానీ తిన్న రాత్రి కుడి డొక్కలో పట్టుకుని అరగంటకు పైగా వదలకపోతే పిత్తాశయంలో రాళ్ళేమో, స్కానింగ్ రాయి. షుగరు వాళ్ళకు నీళ్ళ విరేచనాలైతే షుగరు గోలీ మెట్‌ఫార్మిన్ ఎప్పుడు మొదలైందో కనుక్కో, దానివల్ల కూడా అవుతాయి.

పాంటాప్ మంచి మందే, వేసుకునే తీరే తప్పు. రాత్రి తిని పడుకోబోతూ వేసుకుంటారు. పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే తిండి తగిలినప్పుడే ఆమ్లం పంపులు పని మొదలుపెడతాయి, మందు పట్టేది అప్పుడే. ఎనిమిది వారాలు చూసి తగ్గిస్తూ ఆపు. దీర్ఘకాలం వేసుకుని ఒక్కసారి ఆపితే మంట తిరగబడొచ్చు, దాంతో “గోలీ లేకుంటే బతకలేను” అంటారు. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటలు ఎడముండాలని, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టమని చెప్పు. ఇరానీ చాయ్ మానమంటే ఎవరూ మానరు, పరగడుపున తాగొద్దని చెప్పి చూడు.

మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, రక్తం కక్కడం, తారులా నల్లటి విరేచనం, పాలిపోవడం, అరవై దాటాక కొత్తగా మొదలైన బాధ: వీటిలో ఏదున్నా ఎండోస్కోపీకి పంపు.

జవాబు (ల్యాబ్ డాక్టర్)

ఒక్క మాట కలుపుతా. హెచ్. పైలోరీకి (కడుపులో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) రక్త పరీక్ష వద్దు, ఎప్పుడో పోయిన పురుగుకూ పాజిటివ్ వస్తుంది. మల పరీక్షకో శ్వాస పరీక్షకో ముందు పాంటాప్ రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపించండి. లేకపోతే ఉన్న పురుగు కూడా కనపడదు. చికిత్స 14 రోజులు. అది ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, పోయిందో లేదో మళ్ళీ పరీక్షించాలి. కడుపు మందు బిస్మత్ వేసుకున్నా, ఐరన్ గోలీ వేసుకున్నా విరేచనం నల్లగానే ఉంటుంది, చూసి కంగారు పడకండి. కానీ జిగటగా, కంపు కొడుతూ ఉంటే తేలిగ్గా తీసుకోకండి.

ప్రశ్న అడిగినవారు

థ్యాంక్స్ సార్. ఇవాళ బొడ్డు చుట్టూ వేలు తిప్పే అమ్మ మళ్ళీ వచ్చింది. “మోకాళ్ళకేం వేసుకుంటున్నవమ్మా” అంటే కొంగు ముడి విప్పి మూడు రకాల గోలీలు టేబుల్ మీద పోసింది. మెడికల్ షాపులో కాగితం లేకుండా ఇచ్చినవి. రెండింటిలో డైక్లోఫెనాకే (కడుపులో పుండు చేయగల నొప్పి మందు) ఉంది. ఆపించాను. మీటర్‌లో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది, బాగా తక్కువ. విరేచనం నల్లగా వస్తుందంది. ఐరన్ వేసుకోవడం లేదు. రేపు ఉస్మానియాకు వెళ్ళమని చీటీ రాసిచ్చాను.

జవాబు (గ్యాస్ట్రో డాక్టర్, సికింద్రాబాద్)

రేపు కాదు తమ్ముడూ, ఇప్పుడే. కడుపులో రక్తం కారుతుండొచ్చు. ఎమర్జెన్సీకి వెళ్ళమను. కొడుకో కోడలో ఉంటే ఫోన్ చేసి తోడు పంపు, లేకుంటే 108కి కొట్టు.