రెట్రోకి, డిజైన్ చర్చకి ఆన్‌లైన్ వైట్‌బోర్డు తప్పనిసరి చేయొచ్చా?

రుషికొండ_స్క్రమ్:
టీమ్‌లో 8 మంది. ఐదుగురు రుషికొండ ఆఫీసులో, ఇద్దరు విజయనగరం, శ్రీకాకుళంలో ఇంటి దగ్గర నుంచి, ఒకరు అమెరికా తూర్పు తీరంలో. వచ్చే స్ప్రింట్ (పని విడత) నుంచి రెట్రో (విడత అయ్యాక ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని చూసుకునే మీటింగు), ఆర్కిటెక్చర్ (సాఫ్ట్‌వేర్ డిజైన్) చర్చ రెండూ ఆన్‌లైన్ వైట్‌బోర్డు మీదే జరగాలని ఒక పక్షం పట్టుబడుతోంది. గదిలో గోడ బోర్డు ఉంది, రాసుకోవడానికి షేర్డ్ డాక్యుమెంటు ఉంది, మళ్లీ ఇదేం గోల అని ఇంకో పక్షం. మీరైతే ఏ పక్షం, ఎందుకు? "ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకోండి" అనే జవాబు మాత్రం వద్దండీ, అది మా మేనేజరే ఇచ్చేశారు.

మధురవాడ_కోచ్:
రెట్రోకి తప్పనిసరి చేసేయండి. గోడ బోర్డు దగ్గర మార్కర్ ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే. కెమెరాలోంచి చూసే ముగ్గురికీ ట్యూబ్‌లైటు మెరుపు తప్ప అక్షరం కనపడదు.

ఆన్‌లైన్ బోర్డు వల్ల అసలు లాభం రంగురంగుల స్టిక్కీలు (బోర్డు మీద అతికించే చిన్న చీటీలు) కాదు. అందరూ ఒకేసారి, ఒకరిది ఒకరు చూడకుండా రాయగలగడం. మొదటి స్టిక్కీ "టెస్టింగ్ ఆలస్యం" అని పడిందంటే తర్వాత పడేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మీరో అనే బోర్డు టూల్‌లో దీనికి ప్రైవేట్ మోడ్ ఉంది. అలాంటిది లేని టూల్ అయితే నాలుగు నిమిషాలు ఎవరి నోట్‌ప్యాడ్‌లో వాళ్లు రాసుకుని, టైమర్ మోగాక ఒక్కసారే బోర్డు మీద పెట్టమనండి.

8 మందికి 45 నిమిషాలు ఇలా సరిపోతాయి: ఉద్దేశం చెప్పడానికి 3, రాయడానికి 4, చదివి గుంపులు చేయడానికి 8, ఓటింగుకి 2, ఎక్కువ ఓట్లు పడిన రెండు విషయాలకి చెరో 12, పని ఎవరిదో, ఎప్పటికో రాయడానికి 4. మనిషికి మూడు స్టిక్కీలు, మూడు ఓట్లు, అంతే. ఐదేసి ఇస్తే 40 స్టిక్కీలు అవుతాయి, 8 నిమిషాల్లో గుంపులు చేయడం ఎవరి వల్లా కాదు. ఓట్ల లెక్క చివరిదాకా కనపడకూడదు, కనపడితే గెలిచేదానికే అందరూ వేస్తారు.

ముందురోజే చూసుకోవాల్సినవి: వెనకాల గీసిన పట్టికను, శీర్షికలను లాక్ చేయాలి. మీరో, ఫిగ్‌జామ్, ఎక్స్‌కాలిడ్రా అనే మూడు బోర్డు టూల్స్‌లోనూ దానికి కీలు కంట్రోల్, షిఫ్ట్, ఎల్. లాక్ చేయకపోతే స్టిక్కీ లాగబోయి ఎవరో ఒకరు మొత్తం నిలువు వరుసనే లాక్కుపోతారు. ఓటింగ్ మీ ప్లాన్‌లో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లేకపోతే చిన్న గుండ్రాలు గీసి ఒక మూల పోగేస్తే సరిపోతుంది.

ఆఫీసులో ఉన్న ఐదుగురూ కూడా ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు బోర్డు తెరవాలి. కాల్ ఆడియో మాత్రం గదిలో ఒక్క డివైజ్‌లోనే. మిగతా నలుగురూ మైకు, స్పీకరు రెండూ ఆపాలి. మైకు ఒక్కటే ఆపితే నాలుగు స్పీకర్ల మోత ఆ ఒక్క మైకులోకీ పోయి బయటివాళ్లకి తిరిగి వినపడుతుంది.

సిరిపురం_ఆర్కిటెక్ట్:
రెట్రో సంగతి కోచ్ గారికే వదిలేస్తున్నా. ఆర్కిటెక్చర్‌కి తప్పనిసరి అనడం మాత్రం తప్పు.

బోర్డు మీద బొమ్మకి రివ్యూ ఉండదు. ఒక బాణం దిశ నిన్న ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అంటే జవాబు దొరకదు. హిస్టరీ ఉన్న టూల్‌లో కూడా "పాత రూపానికి వెళ్లు" అనే వీలుంటుంది కానీ, ఏ మార్పు ఏ కారణంతో జరిగిందో ఉండదు. అదే మెర్మెయిడ్‌లో (టెక్స్ట్ రాస్తే బొమ్మగా చూపించే టూల్) రాస్తే బొమ్మంటే పది ఇరవై లైన్ల టెక్స్ట్. కోడ్‌తో పాటు రిపోజిటరీలో (కోడ్‌నీ, దాని మార్పుల చరిత్రనీ దాచే చోటు) ఉంటుంది, పుల్ రిక్వెస్టులో (మార్పుని కలిపేముందు చూడమని అడిగేది) లైను లైనుకీ ప్రశ్న అడగొచ్చు. 2022 నుంచి రిపోజిటరీలు ఉంచే గిట్‌హబ్ సైటు దాన్ని నేరుగా బొమ్మగానే చూపిస్తోంది. టెక్స్ట్‌లో ఇమడని బొమ్మ ఉంటే డ్రా.ఐఓ (బొమ్మలు గీసే టూల్) ఫైలుగా రిపోజిటరీలో పెట్టండి, అది కూడా లోపల ఎక్స్‌ఎంఎల్ టెక్స్టే.

ఇంకో సంగతి. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డు ఏమైంది? 2024 అక్టోబరు 1 నుంచి చూడ్డానికే పరిమితం, డిసెంబరు 31తో పూర్తిగా మూత. పీడీఎఫ్‌గా దించుకున్నవాళ్లకి బొమ్మ మిగిలింది, మళ్లీ కదిలించడానికి ముక్కలు మిగల్లేదు.

మధురవాడ_కోచ్:
ఆర్కిటెక్ట్ గారూ, మెర్మెయిడ్‌లో ఎనిమిది మంది కలిసి ఆలోచించగలరా? ఒకరు టైపు చేస్తుంటే ఏడుగురు చూస్తూ కూర్చోవాలి. గోడ బోర్డు దగ్గర మార్కర్ కథే మళ్లీ మొదటికొచ్చింది.

సిరిపురం_ఆర్కిటెక్ట్:
ఆలోచించడానికి ఎక్కడైనా గీయండి, కాదనడం లేదు. నిర్ణయం అక్కడే ఉండిపోతే నా అభ్యంతరం. మూడు నెలలయ్యాక కొత్తగా చేరినవాళ్లు బోర్డు తెరిస్తే కొట్టేసిన ఆప్షనూ, ఒప్పుకున్న ఆప్షనూ పక్కపక్కనే, ఒకే రంగులో ఉంటాయి.

పరవాడ_క్యూఏ:
ఫార్మా వైపు నుంచి ఒక మాట, ఎందుకంటే ఈ గొడవ మా దగ్గర ఇంకా ముదురు. డీవియేషన్ (నిర్ణీత పద్ధతి తప్పిన ఘటన) వచ్చినప్పుడు ఫిష్‌బోన్, ఫైవ్ వై (మూల కారణం వెతికే పద్ధతులు) ఆన్‌లైన్ బోర్డు మీద వేయడం ఇప్పుడు మామూలే. ప్లాంటులో ఒకరు, ల్యాబ్‌లో ఒకరు, హైదరాబాద్ ఆఫీసులో ఒకరు ఉన్నప్పుడు ఇంతకంటే సుళువు లేదు. కానీ వాలిడేట్ చేయని (సరిగ్గా పనిచేస్తుందని పరీక్షించి రుజువు పెట్టని) బోర్డు జీఎంపీ (మందుల తయారీ నాణ్యత నియమాలు) రికార్డు కాదు. అమెరికా మార్కెట్‌కి వెళ్లే ఉత్పత్తయితే 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 (ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద అమెరికా నియమం) వర్తిస్తుంది. ఆడిట్ ట్రెయిల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారనే చిట్టా) అడుగుతుంది, ఎలక్ట్రానిక్ సంతకం ఎవరిదో తేలాలంటుంది. లింకు పట్టుకుని లాగిన్ లేకుండా వచ్చినవాళ్ల స్టిక్కీ ఎవరిదో చెప్పలేం. రికార్డు నమ్మదగినదా అని చూసే ఏఎల్‌సీఓఏ సూత్రాల్లో మొదటి 'ఏ' దగ్గరే ఆగిపోతాం, అంటే ఏ మాట ఎవరిదో తేలాలనే షరతు దగ్గర.

మా వాళ్లు పాటించే పద్ధతి: బోర్డులోకి కంపెనీ లాగిన్‌తోనే ప్రవేశం. బోర్డు పేరులో డీవియేషన్ నంబరు ఉంటుంది, బ్యాచ్ డేటా మాత్రం అతికించరు. చర్చ అయ్యాక తేలిన కారణాలనూ, పక్కన పెట్టిన కారణాలనూ, ఎందుకు పక్కన పెట్టారో కూడా కంట్రోల్డ్ (కంపెనీ ఆమోదించిన) ఫార్మాట్‌లో రాసి సంతకాలు చేస్తారు. ఈ మూడోది వదిలేసేవాళ్లే ఎక్కువ. వదిలేశారంటే ఆ ఆలోచన ఇక బోర్డులో తప్ప ఎక్కడా ఉండదు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆ బోర్డే చూపించమంటారు, అది రికార్డు కాదని మీరు అనలేరు.

గాజువాక_నెట్:
తప్పనిసరి చేసేముందు ఆఫీసు నెట్‌వర్కు దాన్ని మోస్తుందో లేదో చూడండి. ఒకరి కర్సరు కదలదు, రెండు నిమిషాలకి పది స్టిక్కీలు గుంపుగా ఊడిపడతాయి, అందరూ "టూల్ స్లో" అంటారు. చాలాసార్లు టూల్ తప్పు కాదు, వెబ్‌సాకెట్‌ని (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే లైను) ప్రాక్సీ (ఆఫీసు నెట్ రాకపోకలు దాటే మధ్య సర్వర్) అడ్డుకోవడం. పరీక్ష ఇలా: క్రోమ్‌లో ఎఫ్12, నెట్‌వర్క్ ట్యాబ్, అందులో సాకెట్ ఫిల్టర్, తర్వాత పేజీ రీలోడ్. ముందు రీలోడ్ చేసి తర్వాత ట్యాబ్ తెరిస్తే అప్పటికే తెరుచుకున్న సాకెట్ జాబితాలో కనపడదు. స్టేటస్ 101 (లైను కుదిరింది అని) వచ్చి, ఆ ఒక్క లైనే నిలబడి ఉంటే బాగున్నట్టు. ప్రతి నిమిషం కొత్త లైను పుడుతుంటే మధ్యలో ఎవరో కోసేస్తున్నారు. 101 రాకుండా 403 (అనుమతి లేదు అని) వస్తే ప్రాక్సీ దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. అదే ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టి పోల్చండి. అక్కడ బాగుంటే ఆ టూల్ డొమైన్లని టీఎల్‌ఎస్ ఇన్‌స్పెక్షన్ (ఎన్‌క్రిప్ట్ అయిన రాకపోకల్ని మధ్యలో విప్పి చూడడం) నుంచి మినహాయించమని ఐటీ వాళ్లని అడగాలి.

ఇంటి నుంచి చేసే ఇద్దరి సంగతి: వర్షాకాలంలో కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ ఆగదు, రౌటర్ ఆగుతుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టించండి. ఫైబర్ ఓఎన్‌టీ (ఇంట్లోకి వచ్చిన ఫైబర్ తీగ చేరే పెట్టె), రౌటర్ వేరువేరు పెట్టెలైతే రెండింటికీ కావాలి, అడాప్టర్ల మీద వోల్టేజీ, ఆంపియర్లు చూసి కొనాలి. లేకపోతే హాట్‌స్పాట్‌కి మారతారు, సాకెట్ తెగుతుంది, ఆ సందులో రాసింది బ్రౌజర్‌లోనే ఉంటుంది. మళ్లీ కలిసేదాకా ట్యాబ్ మూయొద్దని చెప్పండి.

బోర్డు బరువు గురించి కూడా. గోడ బోర్డుని 12 మెగాపిక్సెల్ ఫోనుతో ఫొటో తీసి అతికిస్తారు. ఫైలు 4 ఎంబీయే కదా అనిపిస్తుంది, తెర మీద విప్పితే 4000 × 3000 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే 48 ఎంబీ. అలాంటివి పది ఉంటే 480. ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ కూడా నడుస్తుంటే ఫ్యాను మోత మొదలవుతుంది. వెడల్పు 1600కి తగ్గించి అతికిస్తే ఒక్కోటి 8 ఎంబీ లోపే. రిమోట్ డెస్క్‌టాప్‌లో గానీ, బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేసి గానీ ఉంటే ఇది కూడా భారమే.

ఎంవీపీ_డెవాప్స్:
క్లయింటు బొమ్మలు బయటి సర్వర్‌లో పెట్టకూడదు అనుకునేవాళ్లు "ఎక్స్‌కాలిడ్రాని మన సర్వర్‌లో పెట్టేద్దాం" అంటారు. ఓపెన్ సోర్సే, డాకర్‌తో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే పొట్లంగా నడిపే టూల్) పేజీ వెంటనే లేస్తుంది. "కలిసి గీద్దాం" అన్నాక మూడు చోట్ల తగులుతుంది.

ఒకటి, కొలాబరేషన్ సర్వర్ వేరే, ఎక్స్‌కాలిడ్రా-రూమ్ అని. దాని చిరునామా బిల్డ్ చేసేటప్పుడే (కోడ్‌ని నడిచే రూపంలోకి మార్చేటప్పుడే) కోడ్‌లో కలిసిపోతుంది. కంటైనర్ నడిపేటప్పుడు ఇస్తే పట్టించుకోదు, మళ్లీ బిల్డ్ చేయాలి. నెట్ గారు చెప్పిన పరీక్షే చేసి సాకెట్ ఏ చిరునామాకి వెళ్తోందో చూడండి, మీ సర్వర్ కాకపోతే పెట్టుకున్న ప్రయోజనమే పోయింది. రెండు, ఉట్టి హెచ్‌టీటీపీ మీద, 192.168తో మొదలయ్యే చిరునామాతో తెరిస్తే గది మొదలవదు. ఎన్‌క్రిప్షన్‌కి వాడే బ్రౌజర్ క్రిప్టో హెచ్‌టీటీపీఎస్ లేదా లోకల్‌హోస్ట్ మీదే పనిచేస్తుంది. మూడు, అతికించిన చిత్రాలు సాకెట్‌లో వెళ్లవు, ఫైర్‌బేస్ (గూగుల్ క్లౌడ్ సేవ) స్టోరేజీ ద్వారా వెళ్తాయి. అది అమర్చకపోతే గీతలు అందరికీ కనపడతాయి, చిత్రం ఉన్నచోట ఖాళీ పెట్టె ఉంటుంది.

గది లింకులో హ్యాష్ గుర్తు తర్వాత వచ్చేదాంట్లోనే తాళంచెవి (ఎన్‌క్రిప్షన్ విప్పే కీ) కూడా ఉంటుంది. ఆ భాగం సర్వర్‌కి వెళ్లదు, అదే దాని భద్రత. ఆ లింకుని వాట్సాప్ గ్రూపులో పడేస్తే గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ తాళంచెవి ఇచ్చేసినట్టే. కామా దగ్గర లింకు తెగి అతికిందంటే ఎవరికీ తెరుచుకోదు.

భీమిలి_ఫ్రంటెండ్:
తెలుగులో స్టిక్కీలు రాసే టీములకి చిన్న చిక్కు. ఎక్స్‌కాలిడ్రా చేతిరాత ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, ఎవరి మెషీన్‌లో ఉన్న ఫాంటు వాళ్లకి వస్తుంది. విండోస్‌లో నిర్మలా, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో నోటో. వెడల్పులు వేరు కాబట్టి మీ దగ్గర పెట్టెలో ఇమిడిన "డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టు" పక్కవాళ్ల దగ్గర గీత దాటుతుంది, లేదా వరుస విరుగుతుంది. పెట్టె పావు వంతు వెడల్పు ఎక్కువ గీయండి, పీఎన్‌జీ (బోర్డు చిత్రం ఫైలు) ఎప్పుడూ ఒకే మెషీన్ నుంచి తీయండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే కొన్ని బోర్డుల్లో ఒంటి అక్షరం షార్ట్‌కట్లు పలకవు. విండోస్, స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కి మార్చుకోవాలి.

రుషికొండ_స్క్రమ్:
అందరికీ థాంక్సండీ. రెండు సందేహాలు. విజయనగరం నుంచి చేరే ఆవిడ ఒక్కోసారి ఫోన్ మీదే ఉంటారు. అమెరికా మనిషికి టైము ఎలా కుదరాలి?

మధురవాడ_కోచ్:
ఫోన్ తెర మీద స్టిక్కీలు లాగడం నరకం. ఆవిడ చాట్‌లో పంపితే ఒకరు యథాతథంగా బోర్డు మీద పెట్టాలి. ఆ ఒకరెవరో ముందే అనుకోండి, లేకపోతే ఎవరూ పెట్టరు.

రాత్రి ఏడున్నరకి పెడితే అక్కడ ఉదయం పది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం వెనక్కి జరిగాక అదే ఏడున్నర వాళ్లకి తొమ్మిది. మార్చి రెండో ఆదివారం మళ్లీ పది. అలా కుదరకపోతే రాసే భాగం ముందురోజే తెరిచి ఉంచి, గుంపులు, ఓట్లు మాత్రం కాల్‌లో చేయండి.

ఉచిత ప్లాన్‌లో మీరో మూడు బోర్డులకే ఎడిటింగ్ ఇస్తుంది. స్ప్రింటుకో బోర్డు తెరవకుండా ఒకే బోర్డులో స్ప్రింటుకో ఫ్రేమ్ పెట్టుకోండి, ఐదారు నిండాక సీఎస్‌వీ (పట్టిక ఫైలు), పీడీఎఫ్ రెండూ తీసి పాతవి చెరిపేయండి. సీఎస్‌వీలో మాటలు వస్తాయి, బాణాలు రావు, అందుకే రెండూ.

రుషికొండ_స్క్రమ్:
టీమ్ ముందు పెట్టే చిత్తుప్రతి: "రెట్రో ఆన్‌లైన్ బోర్డు మీదే. డిజైన్ చర్చకి ఎవరు దేనిమీద గీసినా సరే, నిర్ణయం వీలైతే అదే రోజు రిపోజిటరీలోకి వెళ్లాలి."

సిరిపురం_ఆర్కిటెక్ట్:
"వీలైతే" తీసేయండి. ఆ మాట ఉన్నంతకాలం ఎవరికీ వీలవదు.

మధురవాడ_కోచ్:
తీసేస్తే అమెరికా మనిషి చూడకముందే తలుపు మూసేసినట్టు. 24 గంటలు అని రాయండి.

సిరిపురం_ఆర్కిటెక్ట్:
24 గంటలకి ఒప్పుకుంటా. కానీ గడువు అయ్యాక ఆ బోర్డు లాక్ చేసే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాయండి. "టీమ్" అని రాస్తే చెల్లదు.