స్పానిష్ రెగ్యులర్ క్రియలకు ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్: 'రోన్' కొట్టేయాలా, నేరుగా తగిలించాలా?

కాణిపాకం_కుర్రోడు: తిరుపతిలో సాయంత్రం స్పానిష్ క్లాసుకు పోతున్నాను. ఇప్పుడు ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్ నడుస్తా ఉంది, అంటే 'నాకు వచ్చి ఉంటే' లాంటి ఊహలకు వాడే క్రియారూపం. అబ్లార్ (మాట్లాడటం) లాంటి క్రియల్లో 'ఆర్' తీసి 'ఆర', కొమేర్ (తినడం), బిబీర్ (బతకడం) లాంటివాటికి 'ఇయేర' పెట్టమని మా సారు చెప్పినారు. యూట్యూబ్‌లోనేమో ప్రిటెరిట్‌లో, అంటే జరిగిపోయిన పని చెప్పే భూతకాలంలో, 'వాళ్ళు' రూపం తీసుకొని, చివరి 'రోన్' కొట్టేసి 'ర' పెట్టమంటున్నారు. ఏది పట్టుకోవాలన్నా?

రేణిగుంట_జంక్షన్: రోన్ పద్ధతే. అబ్లారోన్ నుంచి అబ్లార, కొమియేరోన్ నుంచి కొమియేర, బిబియేరోన్ నుంచి బిబియేర. తర్వాత ర, రాస్, ర, రమోస్, రైస్, రాన్, అంతే. రేపు తెనేర్ (కలిగి ఉండటం) వచ్చినా తుబియేరోన్ నుంచి తుబియేర దానంతటదే వస్తుంది. మీ సారు పద్ధతిలో పోతే 'తెనియేర' అని రాసి కూర్చుంటావు.

చిత్తూరు_టీచరమ్మ: అడిగింది రెగ్యులర్ క్రియల గురించి, అంటే మామూలు సూత్రానికి లొంగేవాటి గురించి. మధ్యలో తెనేర్ ఎందుకు? ప్రిటెరిటే సరిగా రాని పిల్లలకు దాని మీద ఇంకో లెక్క వేయమంటే రెండూ పోతాయి.

పాకాల_పాండు: అలిపిరిలో ఎక్కినా శ్రీవారి మెట్టులో ఎక్కినా కొండకే కదా సామీ.

చిత్తూరు_టీచరమ్మ: అసలు మార్కులు పోయేది 'మేము' రూపంలో. అబ్లారమోస్‌లో 'బ్లా' మీద, కొమియేరమోస్‌లో 'యే' మీద యాక్సెంట్ గీత పెట్టాలి. మిగతా రూపాల్లో గీత ఉండదు. అబ్లార చివర గీత పెడితే అది 'మాట్లాడతాడు' అనే భవిష్యత్తు అయిపోతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరే!

రేణిగుంట_జంక్షన్: గీత గురించి ఎవరు కాదన్నారు మేడమ్? మాట మార్చకండి.

మదనపల్లె_టమాట: నా గోడు కూడా వినండి. బెంగళూరులో ఒకచోట పరీక్షలో 'అబ్లాసే' అని రాస్తే ఎర్ర గీత కొట్టినారు. 'ర' బదులు 'సే' పెట్టే రూపం కూడా కరెక్టే కదా?

రేణిగుంట_జంక్షన్: కరెక్టే. లాటిన్ అమెరికాలో 'ర' రూపమే ఎక్కువ, 'సే' స్పెయిన్‌లో ఇంకా వినబడుతుంది. కాకపోతే మర్యాదగా ఏదైనా అడిగేటప్పుడు కిసియేర ('నాకు కావాలండీ' అన్నట్టు) అంటారు, కిసియేసే అనరు. పేపరు దిద్దినవాళ్ళకు ఇదంతా తెలియకపోతే నువ్వేం చేస్తావు? ఇదే పట్టిక చదువు అంటే.

చిత్తూరు_టీచరమ్మ: పట్టిక చదువా? ఎవరినండీ అంటున్నారు?

రేణిగుంట_జంక్షన్: ఉద్యోగానికి వచ్చినవాళ్ళను నేను ఇంటర్వ్యూ చేస్తాను. మొన్న ఒకబ్బాయి ఆరు రూపాలూ గడగడా అప్పజెప్పినాడు. 'నీకు స్పానిష్ బాగా వచ్చి ఉంటే ఏం చేసేవాడివి' అని అడిగితే గుడ్లప్పగించి చూసినాడు. 'సి అబ్లార ఎస్పాన్యోల్' అని మొదలుపెట్టడానికి నోరు రాలేదు. ఎక్కడ చదివినాడో నేను అడగలేదు, మీరు భుజాలు తడుముకోకండి.

పాకాల_పాండు: అన్నా, కొంచెం తగ్గించు.

చిత్తూరు_టీచరమ్మ: మీకు కంపెనీ డబ్బు కట్టి నేర్పించింది, తీరిగ్గా నేర్చుకున్నారు. నా దగ్గరకు వచ్చేవాళ్ళు పొద్దున డిగ్రీ కాలేజీ, సాయంత్రం అంగట్లో లెక్కలు, ఆ తర్వాత క్లాసు. నాన్న అప్పు తెచ్చి ఫీజు కడతాడు. వాళ్ళకు కావాల్సింది స్పానిష్ భాషా పరీక్ష డెలేలో బీ2 స్థాయి సర్టిఫికెట్, అందులో ఈ రూపం తప్పదు. మీలాంటివాళ్ళు బయోడేటాలో ముందు చూసేది కూడా ఆ సర్టిఫికెట్టే. అది లేనివాణ్ణి ఎప్పుడైనా పిలిచినారా?

రేణిగుంట_జంక్షన్: పిలవలేదు. కానీ నోరు రాకపోతే పిలిచి ఏం లాభం? ఆర్నెల్లు పట్టినా సరే, మాట్లాడించండి.

చిత్తూరు_టీచరమ్మ: ఆ ఆర్నెల్ల ఫీజు మీ కంపెనీ కడుతుందా?

మదనపల్లె_టమాట: నా ఎర్ర గీత సంగతి మళ్ళీ పక్కకు పోయింది.

కాణిపాకం_కుర్రోడు: అక్కా, అన్నా, రేపు టెస్టు, టెన్షన్‌గా ఉంది. దోర్మీర్‌కు (నిద్రపోవడం) సారు పద్ధతిలో దోర్మియేర వస్తుందా?

రేణిగుంట_జంక్షన్: రాదు. ప్రిటెరిట్‌లో దుర్మియేరోన్, కాబట్టి దుర్మియేర. నేను మొదట్లోనే చెప్పలేదా?

చిత్తూరు_టీచరమ్మ: దోర్మీర్ రెగ్యులర్ క్రియ కాదు.