నాన్న వికలాంగుల పెన్షన్‌కి మళ్లీ పరీక్ష అని నోటీసొచ్చింది. ఏం చూస్తారు?

అడిగింది: కలిగిరి మండలం నుంచి

అందరికీ నమస్కారం. మా నాన్నకి 2011 నుంచి వికలాంగుల పెన్షన్ వస్తోంది. అంతకుముందు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కర్రలు ఎక్కిస్తూ పైనుంచి పడి కుడి మోచెయ్యి నుజ్జయింది. అప్పటినుంచి ఆ చెయ్యి పూర్తిగా మడవడం రాదు. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో 52 శాతం, శాశ్వతం అని రాసుంది. మొన్న సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంట్ వచ్చి నోటీసు చేతిలో పెట్టి సంతకం చేయించుకుని పోయాడు. వచ్చే గురువారం ఆసుపత్రిలో మళ్లీ పరీక్షంట. మాది దొంగ సర్టిఫికెట్ అని ఎవరైనా రాసిచ్చారేమో అని నాన్న రెండు రోజులుగా అన్నం సరిగా తినట్లేదు. శాశ్వతం అని రాశాక మళ్లీ ఎందుకు చూస్తారు? ఇంకో రెండు సందేహాలు. ఆధార్‌లో నాన్న వయసు 58 ఉంది, నిజానికి 62 దాటాయి. ఇప్పుడు మార్పిస్తే మంచిదా? కరెంటు మీటర్లు కూడా ఆయన ఆధార్ మీద రెండు చూపిస్తున్నాయట, మాది ఒకటే.

జవాబు: పొదిలి నుంచి

ఎవరూ రాసివ్వలేదు చెల్లీ, నాన్నకి ఆ మాట ముందు చెప్పు. 2025 జనవరిలో మన ఆంధ్రా అంతా ఈ తనిఖీ మొదలుపెట్టారు. ముందు మంచం దిగలేని, నెలకి 15,000 పెన్షన్ తీసుకునేవాళ్ల ఇళ్లకి డాక్టర్లు వెళ్లారు. ఆ తర్వాత 6,000 వాళ్లని ఆసుపత్రులకి పిలిచారు. శాశ్వతం అని ఉన్నవాళ్లనీ పిలిచారు.

మా బాబాయిని నేనే తీసుకెళ్లాను. ఆయనదీ చెయ్యే, కాకపోతే ఎడమది. నాలుగు గంటలు వరండాలో కూర్చున్నాం, లోపల పది నిమిషాలు కూడా పట్టలేదు. ముందు ఆధార్ చూసి ఫొటోకీ మనిషికీ సరిపోల్చుకున్నారు. డాక్టరు రెండు పుల్లలు కలిపినట్టుండే ఒక కొలత పరికరం మోచేతికి ఆనించి, ఎంతవరకు మడుస్తావో మడువు అన్నాడు. తర్వాత రెండు చేతుల లావూ టేపుతో కొలిచాడు. పిడికిలి బిగించమన్నాడు. ఆఖర్న చొక్కా గుండీ పెట్టుకోమన్నాడు.

మా బాబాయి అక్కడే దెబ్బతిన్నాడు. పదిహేనేళ్లుగా కుడిచేత్తోనే గుండీలు పెట్టుకోవడం అలవాటు, డాక్టరు ముందు మగతనం ఒకటి, టకటకా పెట్టేసి చూశావా అన్నట్టు నిలబడ్డాడు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. ‘ఆ చేత్తో కాదు పెద్దాయనా, ఈ చేత్తో పెట్టు’ అని డాక్టరే అడిగాడు కాబట్టి సరిపోయింది. అడక్కపోతే? మీ నాన్నకి ఇది గట్టిగా చెప్పు. లేని నొప్పి నటించొద్దు, వాళ్లు రోజుకి ఎంతమందిని చూస్తారో, ఇట్టే పట్టేస్తారు. అలాగని నేను అన్నీ చేసుకోగలను అని రోషానికీ పోవద్దు. ముద్ద కలుపుకోవడం, తల దువ్వుకోవడం, బిందె ఎత్తడం, వీటిలో ఏది రాదో అది ఉన్నదున్నట్టు చెప్పాలి.

నోటీసు, ఆధార్, సదరం ఒరిజినల్, అప్పటి ఆపరేషన్ కాగితాలు, పాత ఎక్స్‌రే, అన్నిటికీ జిరాక్సులు పట్టుకెళ్లండి. అటక మీదున్నా సరే ఆ ఎక్స్‌రే దించండి. ఆ రోజు ఒంట్లో బాగాలేకపోతే ఊరుకోకండి, ముందుగానే సచివాలయంలో కాగితం రాసిచ్చి ఇంకో తేదీ అడగండి. పరీక్షకే రాని వాళ్లకి పెన్షన్ ఆపుతారు.

శాతం ఎంత వచ్చిందో అక్కడ చెప్పరు. కంప్యూటర్‌లో ఎక్కాక సచివాలయంలో తెలుస్తుంది. 40కి తగ్గితే మళ్లీ నోటీసిస్తారు. దాంతో అంతా అయిపోయినట్టు కాదు, పల్లెలో అయితే ఎంపీడీవోకి, టౌన్‌లో మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు పెట్టుకుంటే మళ్లీ పరీక్షిస్తారు. 2025 ఆగస్టులో నోటీసులొచ్చినప్పుడు మా వైపు చాలామంది అలాగే పెట్టుకున్నారు.

జవాబు: కోవూరు నుంచి (సచివాలయంలో పనిచేస్తాను)

పైన అన్న చెప్పింది కరెక్టే. మీ మిగతా రెండు సందేహాలకి నేను చెప్తానమ్మా.

వయసు జోలికి ఇప్పుడు పోవద్దు. శాతం తగ్గినా 60 నిండినవాళ్లని వృద్ధాప్య పెన్షన్‌కి, అంటే 4,000కి మారుస్తారని విని చాలామందికి ఈ ఆలోచన వస్తోంది. నోటీసొచ్చిన వారంలో ఆధార్‌లో నాలుగేళ్లు పెరిగితే చూసేవాళ్లకి ఏమనిపిస్తుంది? ఎప్పుడు ఏం మారిందో ఆధార్ హిస్టరీలో తేదీలతో సహా కనిపిస్తుంది. నిజంగా 62 అయితే బడి సర్టిఫికెట్ లాంటి పాత ఆధారం వెతికి పెట్టుకోండి, ఈ పని తేలాక మార్పించుకోవచ్చు.

మీటరు సంగతి వేరు. డాక్టరు చెయ్యి తప్ప ఇంకేమీ చూడడు. కరెంటు, పొలం, కారు చూసేది ఆరంచెల తనిఖీ, అంటే ఆస్తిపాస్తుల లెక్క చూసే వేరే పరిశీలన. నెలకి సగటున 300 యూనిట్లు దాటితే, మాగాణి 3 ఎకరాలో మెట్ట 10 ఎకరాలో మించితే, సొంత కారుంటే అందులో అనర్హులని చూపిస్తుంది. ఆటో, ట్రాక్టర్ ఉంటే ఫర్వాలేదు. వేరేవాళ్ల మీటరు మీ ఆధార్‌కి తగిలించి ఉండటం మేం తరచూ చూసే తప్పే. రెండు బిల్లులూ తీసుకుని మీ కరెంటు ఆఫీసుకెళ్లి ఆ సర్వీసు నంబరు తీయించండి. మీది నెల్లూరు జిల్లా కాబట్టి కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్, ప్రకాశం వాళ్లకి సీపీడీసీఎల్. తీసినట్టు కాగితం తెచ్చి సచివాలయంలో ఇవ్వండి. నోరుమాటగా చెప్పి వెళ్లిపోతే మేమూ మర్చిపోతాం, అబద్ధమెందుకు.

జవాబు: కావలి నుంచి

ఒక మాట. శాతం పెంచిస్తాం, ఐదు వేలివ్వండి అని మా వీధిలో ఒకడు తిరిగాడు. పక్కింటావిడ ఇచ్చింది కూడా. వాడి ఫోన్ ఇప్పుడు స్విచ్ఛాఫ్. ఓటీపీ అడిగితే అసలే చెప్పొద్దు.

అడిగినవారు, మూడు వారాల తర్వాత

వెళ్లొచ్చాం. పదకొండుకి వెళితే మూడింటికి పిలిచారు. పాత ఎక్స్‌రే అంచులు పసుపెక్కి చుట్ట చుట్టుకుపోయి ఉంది, డాక్టరు కిటికీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు, కొత్తది కూడా తీయించాడు. గుండీ అడగలేదు అన్నా, దువ్వెన ఇచ్చాడు. రెండో మీటరు తీయించాం, దానికి నాలుగుసార్లు తిరిగాం. శాతం ఇంకా రాలేదు. 1వ తేదీ పెన్షన్ మాత్రం ఎప్పట్లాగే ఇంటికి తెచ్చిచ్చారు.