చెన్నైలో మేడ మీద రేకుల షెడ్డు: ఇసుక బస్తాలు గాలికి ఆగుతాయా?

పెరంబూరు నుంచి రాస్తున్నాను. మా మేడ మీద 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న రేకుల షెడ్డు ఉంది. మూడు వైపులా తెరిచే ఉంటుంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకు పాత షెడ్డు రేకులు మూడు లేచి పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఇప్పటికీ గాలి హోరు మొదలైతే అమ్మకు నిద్ర ఉండదు. కొత్త షెడ్డు వేసిన వెల్డర్ రేకుల మీద బస్తాలు పెడితే చాలంటున్నాడు. వచ్చే నెలలో వానలు మొదలవుతాయి, నాకు టెన్షన్‌గా ఉంది.

మాధవరం నుంచి:
బస్తాలు వద్దండీ. మా ఇంట్లో ఎండకు చివికి చిరిగిపోయాయి. ఇసుక తూములో చేరి మేడ మీద నీళ్లు నిలిచాయి.

ఆవడి నుంచి, షెడ్ల పని చేసేవాడిని:
తమ్ముడూ, ఈదురుగాలి రేకును పైకి పీకుతుంది. తెరిచిన షెడ్డులో కింద నుంచి కూడా నెడుతుంది. మన దేశపు భవన ప్రమాణాల్లో చెన్నైకి సెకనుకు 50 మీటర్ల గాలి లెక్క వేస్తారు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. బెంగళూరుకైతే 33 మీటర్లే. 50 మీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి. మీ షెడ్డు 22 చదరపు మీటర్లు, మొత్తం మూడు టన్నులు దాటుతుంది. ఎన్ని బస్తాలు పెడతారు?

ముందు స్తంభాల అడుగు చూడండి. రేకులు గట్టిగా ఉండి షెడ్డు మొత్తంగా లేచిపోయిన ఇళ్లు నేను చూశాను. స్తంభం అడుగున ఉండే ఇనుప పలక, అంటే బేస్ ప్లేటు, శ్లాబులోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించి ఉండాలి. పిట్టగోడ ఇటుకలో బిగిస్తే ఇటుకతో సహా ఊడి వస్తుంది. తర్వాత రేకులు. చూరు అంచుల్లో, మూలల్లో లాగుడు ఎక్కువ, అక్కడ ప్రతి మడతకూ స్క్రూ వేయించండి. రబ్బరు వాషర్లు పగిలితే మార్చండి.

పెరంబూరు నుంచి:
అన్నా, ఇప్పుడే మేడ ఎక్కి చూశాను. ఆరు స్తంభాల్లో రెండు పిట్టగోడలోనే ఉన్నాయి! అవి మార్చేదాకా రేకులు విప్పేయాలా?

ఆవడి నుంచి:
ఆ రెండింటి వైపు రేకులు విప్పించండి. శ్లాబుకు బోల్టు వేసే ముందు కడ్డీలు, కరెంటు పైపులు ఎక్కడున్నాయో చూసుకోమనండి. రంధ్రం చుట్టూ నీళ్లు దిగకుండా సీలు చేయించండి.