అప్‌డేట్: తోలుబొమ్మల డాక్యుమెంటరీని ఎక్కడ పెట్టాలో తేలింది

ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటపై తీసిన 22 నిమిషాల చిత్రాన్ని యూట్యూబ్‌లో పెట్టాలా, విమియోలోనా (అదీ యూట్యూబ్ లాంటి వీడియో వేదికే), సొంత వెబ్‌సైట్‌లోనా అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అప్పట్లో నన్ను ఎక్కువగా బాధించింది రాత్రి దృశ్యాలే. తెర వెనుక దీపం వెలుగులో రావణుడి బొమ్మ చుట్టూ ఉన్న చీకటి గళ్లు గళ్లుగా విరిగిపోయేది. తప్పు వేదికదే అనుకున్నాను. 'ముందు మీ ఫైలు చూసుకోండి' అన్న సలహాయే నిజమైంది. ఎడిటర్‌కు చూపిస్తే, నేను 3 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో (అంటే సెకను వీడియోకు 3 మెగాబిట్ల డేటాతో) ఎక్స్‌పోర్ట్ చేశానని కనిపెట్టారు. 1080పీకి (ఫుల్ హెచ్‌డీకి) యూట్యూబ్ సూచించేదే 8. ఇప్పుడు 16తో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాం. ఆ ఎరుపు, ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగు చూసి కడుపు నిండింది.

చిత్రోత్సవాలకు విమియోలో పాస్‌వర్డ్ లింకు పంపుతున్నాను. ఉపశీర్షికల్లో తప్పులు దిద్ది కొత్త ఫైలు పెట్టినా లింకు మారలేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే డబ్బు కట్టవచ్చు. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో మరొకటి పెట్టలేం. అక్కడి అన్‌లిస్టెడ్ (వెతికితే కనబడని) వీడియో లింకు ఎవరి చేతికి చిక్కినా తెరుచుకుంటుంది. కొన్ని ఉత్సవాలు ముందే బహిరంగంగా విడుదలైన చిత్రాలను తీసుకోవు కాబట్టి, అవి ముగిశాకే యూట్యూబ్. కళాకారుల బంధువులు, ఊరివాళ్లు ఫోనులో చూసేది అక్కడే.

సొంత సర్వర్ ఆలోచన మానేశాను. ఫైలు సుమారు 2.6 జీబీ, దాన్నే నేరుగా పెడితే వందమంది పూర్తిగా చూసేసరికి సర్వర్ నుంచి వెళ్లే డేటా 260 జీబీ దాటుతుంది. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం గురించి అప్పుడు ఇక్కడ అంత చర్చించాం కానీ, ఒకే చిత్రం ఉన్న నాకు అది అక్కరకు రాలేదు.