అప్‌డేట్: ఈఏ ఎఫ్‌సీనా, ఈఫుట్‌బాలా? రెండూ ఆడి చూశాను

ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లలో ఈఏ ఎఫ్‌సీ 24 కొనాలా, ఫ్రీగా వచ్చే ఈఫుట్‌బాల్ సరిపోతుందా అని పోయిన నెల అడిగాను కదా అన్నా, కావలిలో మా బావ వాళ్ళింట్లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేమ్ కన్సోల్ మీద వారం పాటు రెండూ ఆడాను. ఈఏలో అంతా స్పీడే, వింగ్‌లో (మైదానం అంచున) పరిగెత్తేవాడికి త్రూ బాల్, అంటే డిఫెండర్ల మధ్య నుంచి ముందుకి పాస్, వేస్తే చాలు, దూసుకుపోతాడు. ఈఫుట్‌బాల్‌లో అలా కుదరదు, డిఫెండర్ మీద పడుతున్నప్పుడు ఒళ్ళు తిప్పుకోకుండా వెనక్కి పాస్ కొడితే బంతి పక్కకి పోతుంది, అందుకే ప్రతి టచ్ ముందే ఆలోచించుకోవాలి, నాకు బాగా నచ్చింది అదే. ఈఫుట్‌బాల్ పాత పేరు పీఈఎస్, 2021లో అది పేరు మార్చుకుని వచ్చినప్పుడు జనం గట్టిగానే తిట్టారు గానీ ఇప్పుడు చాలా మెరుగైంది. కెరీర్ మోడ్ (ఒక ఆటగాడిగానో మేనేజర్‌గానో సీజన్ల కొద్దీ ఆడేది) కావాలంటే మాత్రం ఈఏనే. నిన్న రాత్రి బావ మీద 1-0తో ఉన్నప్పుడు 88వ నిమిషంలో వాళ్ళకి కార్నర్ వచ్చింది, టెన్షన్‌కి కంట్రోలర్ చెమటతో జారిపోయింది. డబ్బులు పెట్టట్లేదు, ఈఫుట్‌బాలే ఆడతాను.